పూడ్చే ముందు పరీక్షించండి: తీరప్రాంత అధికారులకు, పశువైద్యులకు బహిరంగ లేఖ

అటవీ, మత్స్య, కాలుష్య నియంత్రణ, ఆహార భద్రత విభాగాల్లో మన తూర్పు తీరం బాధ్యత చూస్తున్న అధికారులకు, చనిపోయిన తాబేళ్లకు పోస్టుమార్టం చేసే పశువైద్యులకు,

నమస్కారం.

నేను ఒక తీర గ్రామంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో మా ఊరి మత్స్యకార కుర్రాళ్లతో కలిసి రాత్రిపూట గూళ్లకు కాపలా ఉంటాను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ల నుంచి నమూనాలు తీసి, వాటిలో పాదరసం ఎంతుందో పరీక్ష చేయించమని మేమంతా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. ఇది కాలుష్యం సంగతి కాబట్టి తమ పరిధిలోకి రాదని ఒక ఆఫీసులో అన్నారు. ఇది వన్యప్రాణి సంగతి కాబట్టి తమకు సంబంధం లేదని ఇంకో ఆఫీసులో అన్నారు. కాగితం మీద మాత్రం ఎవరూ ఏమీ రాసివ్వలేదు. ఈలోగా సీజన్ అయిపోయింది, కళేబరాలన్నిటినీ ఇసుకలో పూడ్చేశారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం తేల్చి చెప్పాలి. మన తాబేళ్లు పాదరసం వల్ల చచ్చిపోతున్నాయని నేను అనడం లేదు. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జంతువు. ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. మన తీరంలో చావుల్లో పెద్ద వాటా దీనిదే. 2025 జనవరిలో కాకినాడ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు చనిపోతున్నాయన్న వార్తలు వచ్చినప్పుడు రాష్ట్ర ప్రభుత్వమే విచారణకు ఆదేశించింది. వలల్లో తాబేలు తప్పించుకునే పరికరం బిగించాలన్న డిమాండు ఏళ్ల నాటిది. ఆ పరికరాలు లేవన్న కారణంతోనే అమెరికా 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యల దిగుమతి ఆపేసింది. ఆ పోరాటం ఎలాగూ సాగాలి.

ఈ లేఖలో నా విన్నపం వేరు. వలలో చిక్కి చచ్చిన తాబేలు అంతకుముందు చాలా ఏళ్లు ఆరోగ్యంగా బతికి, సముద్రంలో దొరికింది తిని పెరిగిన జంతువు. ఆ ఏళ్లలో సముద్రంలో ఏం కలిసిందో దాని డిప్పలో, కాలేయంలో నమోదై ఉంటుంది. పోస్టుమార్టంలో మనం ఎలా చచ్చిందో చూస్తున్నాం గానీ, ఏం తిని బతికిందో చూడకుండా పూడ్చేస్తున్నాం.

పాదరసం సముద్రంలోకి ఎలా వస్తుందో క్లుప్తంగా చెబుతాను. 2015లో మనుషుల పనుల వల్ల ప్రపంచమంతా కలిపి గాలిలోకి చేరిన పాదరసం సుమారు 2,220 టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం లెక్క కట్టింది. చిన్నతరహా బంగారు తవ్వకాల తర్వాత ఎక్కువ వాటా బొగ్గు కాల్చడానిది. బొగ్గులో పాదరసం చాలా కొద్దిగానే ఉంటుంది, కానీ రోజూ వేల టన్నులు కాల్చేచోట ఆ కొద్దీ పోగుపడుతుంది. పరవాడ దగ్గర, కృష్ణపట్నం దగ్గర పెద్ద బొగ్గు విద్యుత్ కేంద్రాలు సముద్రానికి చేరువలోనే ఉన్నాయి. పొగలో పాదరసం ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములు దాటకూడదని కేంద్రం 2015 డిసెంబరులో నిబంధన పెట్టింది. పొగలోంచి గంధకం తీసే యంత్రాలుంటే కొంత పాదరసం కూడా వాటిలో ఆగిపోతుంది. 2025 జూలైలో ఆ యంత్రాల విషయంలో దేశంలోని ఎక్కువ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చారు. ఫలానా కేంద్రం తప్పు చేసిందని వేలెత్తి చూపడం లేదు. కొలిచిన అంకెలు మామూలు జనానికి అందుబాటులో ఉండాలని అడుగుతున్నాను.

నీళ్లలో పడిన పాదరసం అలాగే ఉంటే ప్రమాదం కొంత తక్కువ. గాలి ఆడని బురదలో బతికే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. జీవుల ఒంట్లో నిలిచిపోయేది, మెదడుకు ఎక్కేది ఈ రూపమే. నదీముఖాలు, మడ అడవులు ఇందుకు అనువైన చోట్లు. కోరంగి మడ అడవులు చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పుట్టిల్లు. తాబేళ్లు గుడ్లు పెట్టే హోప్ ఐలాండ్ దానికి ఎదురుగానే ఉంది. అక్కడి బురదలో ఎంత మిథైల్ మెర్క్యురీ తయారవుతోందో ఏటా కొలిచి చెప్పే ఏర్పాటు కావాలి. ఎందుకంటే అది నాచులోకి, నాచు తినే చిన్న జీవుల్లోకి, వాటిని తినే నెత్తళ్లలోకి, నెత్తళ్లను తినే వంజరంలోకి, వంజరాన్ని తినే సొరలోకి పోతూ మెట్టు మెట్టుకీ చిక్కబడుతుంది.

తాబేళ్ల తిండి గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా వాదనంతా దాని మీదే ఉంది. మన దేశ జలాల్లో ఐదు రకాల సముద్ర తాబేళ్లున్నాయి. పచ్చ తాబేలు పిల్లగా ఉన్నప్పుడు చిన్న జీవులను తిన్నా, పెద్దయ్యాక సముద్రపు గడ్డి, నాచు మేస్తుంది. దాని ఒంట్లో పాదరసం సాధారణంగా తక్కువ. లాగర్‌హెడ్ పీతలను, నత్తలను దవడలతో పగలగొట్టి తింటుంది, దానిలో ఎక్కువ. తోలు తాబేలుకు జెల్లీ చేపలు, హాక్స్‌బిల్‌కు స్పంజికలు ముఖ్యాహారం. మన తీరానికి ఎక్కువగా వచ్చే ఆలివ్ రిడ్లే పీతలు, రొయ్యలు, నత్తలు, జెల్లీ చేపలు, చేపలు, అప్పుడప్పుడు నాచు కూడా తింటుంది. అంటే పీత, రొయ్య, చేపల వరకు అది తినేదీ మనం తినేదీ ఒకటే. మేత మేసే పచ్చ తాబేలును పరీక్షిస్తే మన కంచం గురించి పెద్దగా తెలియదు. ఆలివ్ రిడ్లేను పరీక్షిస్తే తెలుస్తుంది. పైగా అది దాదాపు పదేళ్లకు పైగా పెరిగాకే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది కాబట్టి, దాని ఒంట్లో చేరింది ఒక్క నెల ముచ్చట కాదు.

పరీక్ష కష్టమైందేమీ కాదు. డిప్ప మీది పలకలు కెరటిన్‌తో తయారవుతాయి, మన గోరు, జుట్టు కూడా ఆ పదార్థమే. పలక అంచు నుంచి గోరంత గీకి తీస్తే చాలు, గడిచిన కాలంలో చేరిన పాదరసం ఎంతో తెలుస్తుంది. రక్తం తీస్తే ఇటీవలి తిండి సంగతి తెలుస్తుంది. చచ్చిన తాబేలైతే కాలేయం కూడా తీయవచ్చు, పాదరసం ఎక్కువగా చేరేది అక్కడే. అదే పలకలో నత్రజని ఐసోటోపులు (బరువులో తేడా ఉండే నత్రజని పరమాణువులు) కొలిస్తే ఆ తాబేలు ఆహారపు మెట్లలో ఏ మెట్టు మీద తిన్నదో అంచనా వేయవచ్చు. కొద్ది మిల్లీగ్రాముల ఎండు నమూనాతో నిమిషాల్లో అంకె చెప్పే యంత్రాలున్నాయి.

మేమే ఎందుకు చేసుకోకూడదని అడగవచ్చు. చట్టం ఒప్పుకోదు. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. చచ్చిన తాబేలు నుంచి అనుమతి లేకుండా చిన్న ముక్క తీసి దగ్గర ఉంచుకున్నా నేరమే. ఆ చట్టాన్ని మేం గౌరవిస్తాం. కాబట్టి ఈ పని చేయగలిగింది మీరొక్కరే.

తాబేలుకు దీనివల్ల ఏమవుతుందంటే, అమెరికా ఆగ్నేయ తీరంలో లాగర్‌హెడ్ తాబేళ్ల మీద 2007లో వెలువడిన అధ్యయనంలో, రక్తంలో పాదరసం ఎక్కువ ఉన్నవాటిలో రోగాలతో పోరాడే తెల్లకణాల్లో ఒక రకం తక్కువగా కనిపించాయి. తల్లి నుంచి గుడ్డులోకి కూడా పాదరసం వెళ్తుందని వేర్వేరు దేశాల పరిశోధనల్లో తేలింది. మా హేచరీలో, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోట, పొదగని గుడ్లు, సగం ఎదిగి ఆగిపోయిన గుడ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి. వేడి, తేమ, ఫంగస్ లాంటి కారణాలు చాలానే ఉండవచ్చు. వాటిలో పాదరసం ఉందో లేదో చూడకుండా ఊహించడం ఇష్టం లేకనే పరీక్ష అడుగుతున్నాను.

మన పొరుగునే ఉన్న ఉదాహరణ ఒకటి గుర్తు చేస్తాను. ఒడిశాలోని గంజాం దగ్గర, రుషికుల్య నదీముఖం పక్కన, పాదరసం సెల్స్‌తో కాస్టిక్ సోడా తయారు చేసే ఫ్యాక్టరీ దశాబ్దాల పాటు నడిచింది. దాని చుట్టుపక్కల నేలలో, నీటిలో, మొక్కల్లో పాదరసం చేరిన తీరును బరంపురం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చాలాకాలం కిందటే అధ్యయనం చేశారు. ఆలివ్ రిడ్లేలు వేలాదిగా ఒకేసారి వచ్చి గుడ్లు పెట్టే తీరం కూడా ఆ నదీముఖం దగ్గరే ఉందని 1994లో లోకానికి తెలిసింది. ఆ తీరంలో వేటకు వెళ్లే కుటుంబాల్లో తెలుగు మాట్లాడే మనవాళ్లు ఎందరో ఉన్నారు. దేశంలో కాస్టిక్ సోడా పరిశ్రమ పాదరసం వదిలేసి మెంబ్రేన్ పద్ధతికి మారింది, మంచిదే. కానీ బురదలో చేరిన పాదరసం ఫ్యాక్టరీ పద్ధతి మారిన రోజున మాయం కాదు. అక్కడికి పోయే తాబేళ్లలో చాలా మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ముందు నుంచే వెళ్తాయి. రెండు రాష్ట్రాల అధికారులూ కలిసి చూడాల్సిన పని ఇది.

ఇక మనుషుల సంగతి. అధికారులు దయచేసి ఈ అంశాలను ఓపికగా చదవాలి.

1. మన తీరంలో బాలింతలకు పాలు పడతాయని సొర పిట్టు వండి పెడతారు. ఒక రకం చిన్న సొరకు పాల సొర అనే పేరే ఉంది. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్న ఆచారం, ప్రేమతో చేసేది. కానీ సొర ఇతర చేపలను తిని బతికేది, ఆహారపు మెట్లలో పైన ఉండేది. మిథైల్ మెర్క్యురీ వల్ల అన్నిటికంటే ఎక్కువ నష్టం కడుపులోని బిడ్డ మెదడుకు, తర్వాత పసిబిడ్డకు. మన మార్కెట్లో దొరికే పాల సొరలో పాదరసం ఎంతుందో తెలియకుండా ఆశా కార్యకర్త ఆ తల్లికి ఏం చెప్పాలి? తినమనాలా, వద్దనాలా? తక్కువే ఉందని తేలితే అందరం సంతోషిస్తాం. ఆ మాటైనా ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి కదా.

2. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2003లో ఒక హద్దు చెప్పింది: శరీర బరువులో కిలోకు వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ. యాభై కిలోల గర్భిణికి వారానికి 80 మైక్రోగ్రాములు. చేపలో కిలోకు అర మిల్లీగ్రాము ఉందనుకుంటే 160 గ్రాములతోనే ఆ హద్దు చేరుతుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో సొరకు అనుమతించిన గరిష్ఠ మోతాదు కిలోకు 1.6 మిల్లీగ్రాములు. అంత ఉన్న సొర మాంసమైతే 50 గ్రాములకే ఆ వారం కోటా పూర్తి. పట్నంలో వారానికోసారి చేప తినేవారి సంగతి వేరు. మా ఊళ్లో అమ్ముడుపోని చేప ఆ పూట కూరవుతుంది, చాలా ఇళ్లలో వారంలో ఎక్కువ రోజులు చేపే.

3. కడిగితే, ఉప్పు పట్టిస్తే, బాగా ఉడికిస్తే పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. మిథైల్ మెర్క్యురీ కండలోని మాంసకృత్తులను పట్టుకుని ఉంటుంది, కొవ్వు తీసేసినా ప్రయోజనం లేదు. ఎండబెడితే నీరు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి గ్రాముకు లెక్క వేస్తే ఇంకా పెరుగుతుంది. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా ఇళ్లలో ఎండు చేపలే ఆధారం. పెద్ద చేపల ఎండు ముక్కలకు ప్రత్యేకంగా పరీక్ష అవసరం.

4. విదేశాలకు వెళ్లే రొయ్యలకు, చేపలకు భారలోహాల పరీక్షలు జరుగుతాయి, కొనే దేశాలు అడుగుతాయి కనుక. విశాఖలోనే కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. తెలిసిన మనుషులున్నారు. ఊళ్లో గంప నెత్తిన పెట్టుకుని అమ్మే చేప మాత్రం ఎవరి పరీక్షా లేకుండా కంచంలోకి వస్తోంది. పట్టినవాడి పిల్లల తిండికి, పరాయి దేశస్థుడి తిండికి ఇచ్చినంత విలువ ఇవ్వాలి.

ఇక్కడ మా ఊళ్లోనే వచ్చిన ఒక అభ్యంతరం చెప్పాలి. ‘మాస్టారూ, మీరు పాదరసం పాదరసం అంటే రేపు చేప కొనేవాడుండడు, మా బతుకేం కావాలి?’ అని చేపలమ్మే అక్కలు అడిగారు. వాళ్ల టెన్షన్ నిజమైనదే, నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అందుకే రకం వారీగా అంకెలు కావాలంటున్నాను. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు తక్కువ కాలం బతుకుతాయి, ఆహారపు మెట్లలో కింద ఉంటాయి, వాటిలో పాదరసం సాధారణంగా చాలా తక్కువ. పోషకాలు మాత్రం పుష్కలం. ఆ మాట ప్రభుత్వ ల్యాబ్ కాగితం మీద ఉంటే పేదవాళ్లు ఎక్కువగా తినే, అమ్మే చేపకే గిరాకీ పెరుగుతుంది. కాగితం లేకపోతే ఏదో ఒకరోజు వాట్సాప్‌లో ఒక పుకారు వస్తుంది, అప్పుడు మంచి చేపా చెడ్డ చేపా కలిసి కుళ్లిపోతాయి.

ఆలస్యం ఎంత ఖరీదైనదో జపాన్‌లోని మినమాటా చూసింది. అక్కడ మనుషుల జబ్బు అధికారికంగా నమోదైంది 1956 మే 1న. అంతకుముందే పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోయాయి, కాకులు నేలరాలాయి. ఫ్యాక్టరీ వదిలిన మిథైల్ మెర్క్యురీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకుంది 1968 సెప్టెంబరులో. ఆ పన్నెండేళ్లూ జనం అదే సముద్రపు చేప తిన్నారు. తల్లికి పెద్దగా లక్షణాలు లేకపోయినా మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. అక్కడి కుటుంబాలు ఆచారంగా దాచుకున్న ఎండిన బొడ్డుతాళ్లను పరీక్షించి, విషం కడుపులోనే అందిందని తర్వాత నిరూపించారు. మన తీరం మినమాటా అయిందని నేను చెప్పడం లేదు, అక్కడ ఒక ఫ్యాక్టరీ నేరుగా సముద్రంలోకి వదిలింది. కానీ ఆ ఊరి పేరుతో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. పర్యావరణంలో, జీవుల్లో పాదరసాన్ని గమనిస్తూ ఉండాలన్నది అందులోనూ ఉన్న మాటే.

పశువైద్యులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. డాక్టరు గారూ, ఎండలో, ఆ వాసనలో, ఇసుక మీద కూర్చుని మీరు పోస్టుమార్టం చేయడం నేను చూశాను. కష్టమైన పని. మీకు సరైన డబ్బాలు, ఐసు పెట్టె, నమూనా పంపడానికి ఒక చిరునామా ఇస్తే చేస్తారని నా నమ్మకం. అవి ఇప్పించమని మీ వైపు నుంచి కూడా పై అధికారులకు రాయండి. కడుపులో ఏముందో కూడా నోట్ చేయండి. పీత పెంకులా, నత్తగుల్లలా, చేప ఎముకలా అన్న ఆ ఒక్క వరుస ఈ లెక్కలో చాలా విలువైనది.

మా డిమాండ్లు ఇవి:

1. ఒడ్డుకు వచ్చిన కళేబరాల్లో మరీ కుళ్లనివాటి నుంచి డిప్ప పలక, కాలేయం, కండ నమూనాలు తీసేందుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడి స్థాయిలో ఒకేసారి సీజన్ మొత్తానికి అనుమతి ఇవ్వాలి. ప్రతి కళేబరానికీ విడిగా ఫైలు తిరిగితే ఆ లోపు కాలేయం మిగలదు.

2. హేచరీల్లో పొదగని గుడ్లను కొన్నింటిని కూడా ఆ అనుమతిలో చేర్చాలి. బతికున్న తాబేళ్లను ఇబ్బంది పెట్టవద్దు, గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి దగ్గరకు సూదితో వెళ్లవద్దు.

3. తాబేళ్లతో పాటు అదే తీరంలో దొరికే పీత, రొయ్య, నెత్తళ్లు, వంజరం, పాల సొరను కూడా పరీక్షించాలి. తాబేలు అంకె ఒక్కటే ఉంటే సగం కథే తెలుస్తుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు, ముఖ్యంగా పరవాడ, కోరంగి, కృష్ణపట్నం పరిసరాల్లో నమూనాలు తీయాలి.

4. తీరంలోని బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో, బూడిద చెరువుల నుంచి వచ్చే నీటిలో కొలిచిన పాదరసం వివరాలను తెలుగులో, జిల్లా వెబ్‌సైట్‌లోనూ పంచాయతీ నోటీసు బోర్డు మీదా పెట్టాలి.

5. మత్స్యకార గ్రామాల్లో గర్భిణులు ఇష్టపడి ఒప్పుకుంటే జుట్టు నమూనాతో పాదరసం పరీక్ష ఉచితంగా చేయాలి. సూది గుచ్చే పని లేదు. ఫలితం ముందుగా ఆ తల్లికే చెప్పాలి, పేర్లు బయటికి రాకూడదు.

6. గర్భిణులు, బాలింతలు ఏ చేప ఎంత తినవచ్చో అంగన్‌వాడీ గోడ మీద బొమ్మలతో ఉండే ఒక చార్టు వేయాలి. ‘చేప తినకండి’ అనే చార్టు మాకు వద్దు.

7. ఈ పనికి ఒక నోడల్ అధికారిని పెట్టి, ఆ పేరు ప్రకటించాలి. ఏ ఆఫీసుకు వెళ్లినా అవతలి ఆఫీసు పేరు చెప్పే పరిస్థితి పోవాలి.

డిసెంబరు, జనవరి నుంచి తాబేళ్లు మళ్లీ వస్తాయి. మొదటి కళేబరం ఒడ్డుకు వచ్చేలోపు అనుమతి, నమూనా డబ్బాలు, ల్యాబ్ చిరునామా ఈ మూడూ సిద్ధంగా ఉండాలి. కాపలా కాయడానికి, కళేబరం కనిపించగానే ఫోన్ చేయడానికి, డాక్టరు గారికి లాంతరు పట్టుకోవడానికి మా కుర్రాళ్లు తయారుగా ఉన్నారు. ఈ లేఖకు రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం. చేస్తామంటే ఎప్పటిలోగా చేస్తారో, కుదరదంటే ఏ కారణం చేత కుదరదో, రెండింట్లో ఏదైనా సరే సంతకంతో ఇవ్వండి. గ్రామసభలో చదివి వినిపిస్తాం.

ఇట్లు,
తీర గ్రామ హైస్కూలు జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, తాబేళ్ల గూళ్ల కాపలా బృందం తరఫున